డ్రమ్ముకు మతి లేదు

జీతం పడ్డ రాత్రి.
ముసఫా క్యాంపు, పద్నాలుగో నెంబరు రూము.
ఇనుప మంచాల మీద పన్నెండు మందిమి, నడుమ ఒక్క ఫోను.
తలా నలభై దిర్హాములు. టికెట్ ఒకటే.

నెంబరు చెప్పేది రాజలింగు.
పదకొండుసార్లు ఆయనే చెప్పిండు, పదకొండుసార్లు పోయింది.
అందుకే ఈసారీ ఆయనే.
"పదకొండు తప్పినంక పన్నెండోది యాడికి పోతదిరా!"

ఫోనుల ముందుగాల వచ్చిన నెంబరు
ఆరు నాలుగులు, వరుసగ.
నవ్వి పక్కకు జరిపిండు.
"ఒకటే అంకె ఆరుసార్లా? లోకంల యాడన్న అయితదా?"
తన పుట్టినరోజు కొట్టిండు:
సున్నా ఒకటి, సున్నా ఏడు, ఎనభై రెండు.
అది జగిత్యాల ఏజెంటు పాస్‌పోర్టుకు రాయించిన రోజు.
వాళ్లమ్మకు యాదున్నది వాన, ఈనిన బర్రె, కరెంటు లేని రాత్రి. అంతే.
మా రూముల ఏడుగురం ఆ ఏజెంటు కన్న పిల్లలమే,
అందరం జూలై ఒకటి.

నేను టైమ్‌కీపర్ని. లెక్కలే నాకు బువ్వ.
చెప్దామనుకున్న:
అన్నా, ఆ డ్రమ్ముకు నీ మొఖం తెల్వదు.
నువ్వు ఓడినవన్నీ అది మర్చిపోలే,
మర్చిపోనీకి దానికి మతే లేదు.
ఆరు నాలుగులకూ నీ జూలై ఒకటికీ అండ్ల ఒకటే బరువు.
చెప్పలే.
పన్నెండు మొఖాలు వెలుగుతున్నయి,
ఫోను వెలుగో, ఇంకేందో.

తెల్లారి ఐదుకు బస్సు.
పందొమ్మిదో అంతస్తు, పరంజి మీద రాజలింగు.
నడుముకు బెల్టు ఉంది,
కొక్కెం తోక లెక్క ఊగుతున్నది.
"తగిలియ్యి అన్నా."
"ఎనిమిదేండ్లురా! ఒక్కసారన్న జారిననా?
ఇగ ఏం జారుత!"

నాకు మాట రాలే.
రాత్రి ఇదే నోరు
పదకొండుసార్లు కానిది ఈసారి అయితదన్నది.
పొద్దుగాల ఇదే నోరు
ఎనిమిదేండ్లు కానిది ఇగ ఎన్నటికీ కాదంటున్నది.
ఆశను తూచేటప్పుడు ఒక రాయి,
ఆపదను తూచేటప్పుడు ఇంకో రాయి.
తక్కెడ మాత్రం ఒకటే, తలకాయంత.

నేనేం తక్కువ?
ఆగస్టుల పక్క సైటుల ఒకడు పడ్డంక
పది దినాలు నా కాళ్లు నిచ్చెన ఎక్కలే.
నిన్నటి ఎత్తే కదా అది!
ఒక్క మనిషి పడితే
బిల్డింగులన్నీ రాత్రికి రాత్రి పెరిగినయి,
నెల తిరిగేసరికి మల్ల పొట్టిగైనయి.

కొక్కెం నేనే తగిలిచ్చిన. టక్.
"పెద్ద లెక్కల పంతులు" అని తిట్టి
రాజలింగు పనిల పడ్డడు.

మాపటికి బస్సుల అందరూ నన్నే అడిగిన్రు,
గెలిస్తే పన్నెండో భాగం ఎంతొస్తదని.
చెమట తుడ్చుకుంట భాగహారం చేసిన.
తప్పు లేదు, రెండుసార్లు చూసిన.
చెప్పినంక, కిటికీకి తల ఆనించి,
నా వంతుతోని ఇంటికి స్లాబు గూడ వేసిన.