పెరటి తలుపు

బొస్కొవిత్సెలో సమాధి రాయికి రేటు లేదు,
అక్షరానికే రేటు.
ఒక్కోదానికి తొంభై కొరూనాలు,
బంగారు పూత కావాలంటే ఇంకో నలభై.
అందుకే నాకు తెలుసు,
మా దేశంలో చచ్చిన ఆడమనిషి పేరు
మగాడి పేరుకన్నా ఖరీదు.

వ్రబెత్స్ అంటే పిచ్చుక.
మా లిపిలో ఆయనకి ఆరక్షరాలు.
అదే ఇంటిపేరు ఆవిడ పెట్టుకుంటే
నడుమ ఒక అచ్చు రాలిపోతుంది,
వెనకాల 'ఓవా' మొలుస్తుంది:
వ్రబ్త్సొవా. ఎనిమిది.
ఎందుకు రాలుతుందని బడిలో అడిగాను.
పంతులమ్మ, తనూ ఒక ఓవాయే,
"చెవికి అలా బావుంటుంది," అంది.

మార్చిలో,
మంచు ఇంకా గోడవారన నల్లగా పడి ఉండగా
క్వేతుషె వచ్చింది. ఎనభై రెండేళ్ళు.
మొగుడి పేరు కింద తన పేరూ
ఇప్పుడే చెక్కించుకుంటుందట:
పుట్టిన సంవత్సరం, ఒక అడ్డగీత, ఆపైన ఖాళీ.
వెంట మనవరాలు రొజాలియె.
ఆ పిల్ల రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి
తోక కోయించుకుంది.
ఇప్పుడు ఉత్త వ్రబెత్స్, తమ్ముడిలాగే.
"నువ్వూ తీసేయ్ బామ్మా,
ఓవా అంటే ఫలానావాడి తాలూకు అనేగా.
మనమేమన్నా గొడుగులమా?"

నాకు రెండక్షరాల నష్టం.
నోరు మూసుకుని ఉలి నూరుకున్నాను.

ముసలామె చేతిసంచీ మూసింది.
"పుట్టినప్పుడు దుదొవాని.
ఇరవయ్యో ఏట కలౌసొవాని,
మంచివాడే, గనిలో పోయాడు.
తర్వాత ఈ పిచ్చుక.
మూడు ఇంటిపేర్లు మోశాను, మూడూ మగాళ్ళవే.
ప్రతిసారీ ముందు గది కూల్చి కొత్తది కట్టారు,
పెరటి తలుపు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.
పుట్టిన్నాటి నుంచీ నాతో ఉన్నది అదొక్కటే.
దాన్నా పీకేయమంటావు?"

పిల్ల ఏమీ అనలేదు. ఒప్పుకోనూ లేదు.
ఫోను చూసుకుని, బస్సు నాలుగింటికి, అంది.

చివరి అక్షరం మీద ఓ వాలుగీత ఉంటుంది,
మా భాషకి అదే దీర్ఘం.
దానికి నేను డబ్బు తీసుకోను,
ఒక్క ఉలిదెబ్బే కదా.

వారం తర్వాత ఒక్కతే వచ్చింది.
కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని,
వంగి, ఆ గీతలో వేలిగోరు దించి చూసింది.
"లోతు చాల్లేదు," అంది.
"ఇంకోటి వెయ్యి."