ఇరవై ఏడు అంగుళాలు

రోగి లక్ష్యం అని మా ఫారంలో ఒక గడి ఉంటుంది.
అందులో ఎప్పటిలా రాశాను:
సాయం లేకుండా పన్నెండు మెట్లు ఎక్కుట.
క్లైవ్ హ్యాలమ్ నా పెన్ను అడిగి తీసుకుని
పన్నెండు మెట్లనీ ఒక్క గీతతో కూల్చేశాడు.
పక్కన రాశాడు: ఇరవై ఏడు అంగుళాలు.

"అదేంటి?"
"సీటు ఎత్తు, బాతూ."
డెర్బీలో ఎవరినైనా బాతూ అనే పిలుస్తారు,
నర్సుని, బస్సు డ్రైవర్ని, బ్యాంకు మేనేజర్ని.
ఆరేళ్ళయినా ఒక్కోసారి వెనక్కి తిరిగి చూస్తాను,
ఏ చెరువులోంచి పలకాలో తెలియక.

డెబ్బై మూడేళ్ళు. కొత్త తుంటి, టైటానియం.
"నా బండిలో కూడా ఇంత ఖరీదు లోహం లేదు."
మంచం మీద మోటారు సైకిళ్ళ పత్రిక,
పేజీ పేజీకీ టీకప్పు వేసిన గుండ్రటి ముద్ర:
గాలికి చల్లబడే పాత ఇంజన్ ఇక రాదట,
కొత్త క్రూజర్‌కి తెర ఉందట,
దారి అదే చెబుతుందట, మలుపులో బ్రేకు అదే చూసుకుంటుందట.
కళ్ళజోడు తీశాడు.
"దారి బండికే తెలిస్తే
మధ్యలో నేనెందుకు?"

ఎండ కాసిన ఆదివారాల సాయంత్రం
మా వార్డుకి ఏ కాళ్ళు వస్తాయో నాకు తెలుసు.
ఎముకల లెక్క చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.
"మరి మెట్ల మీంచి పడ్డవాళ్ళు?"
నేను టేపు వెతుక్కున్నాను.
వాళ్ళే ఎక్కువ.

ఆస్పత్రిలో క్రూజర్ ఉండదు కదా,
పైకీ కిందికీ కదిలే బల్లని ఇరవై ఏడు దగ్గర ఆపి
"ఊఁ, కాలు" అన్నాను.
నాలుగో వారం పద్నాలుగు.
ఎనిమిదో వారం పంతొమ్మిది, ఒక బూతు.
పదకొండో వారం మడమ బల్ల అంచుకి కొట్టుకుంటే
బూతు కూడా రాలేదు, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజే ఫోనులో తన ఇంజన్ చప్పుడు వినిపించాడు.
"పొటేటో, పొటేటో అంటుంది. విన్నావా?"
"కాదు, గుత్తొంకాయ, గుత్తొంకాయ అంటోంది."
ఆ మాట నేర్వడానికి అతనికి రెండు సెషన్లు పట్టింది.
ఒత్తు దగ్గర ప్రతిసారీ గేరు జారేది.

ఏప్రిల్లో ఒక ఆదివారం, మ్యాట్‌లాక్ బాత్.
డెర్వెంట్ ఒడ్డు పొడుగునా బళ్ళు,
క్రోము మీద సన్నటి జల్లు,
వేయించిన చేప, వెనిగర్, తడిసిన తోలు, పెట్రోలు
అన్నీ కలిసి ఒకటే వాసన.
అతని బండిని ఎవరో ముందే తెచ్చి
ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టారు.
క్లైవ్ మనవరాలి కారు దిగి
చేతికర్రని చెత్తడబ్బాకి ఆనించాడు.

అంతే, నలభై మంది ఒక్కసారిగా
చిప్స్ పొట్లాల్లో ఏదో పారేసుకున్నట్టు తలలు దించేశారు.
ఒకడు వంగి తన టైరు గాలి నొక్కి చూశాడు.
జుట్టు నెరిసినామె ఒకతె
కొండ మీది కేబుల్ కార్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.
ఎవరూ చెయ్యి అందించలేదే
అని కోపం రాబోయి ఆగింది:
పడితే పట్టుకునేంత దూరంలోనే
ఉన్నారు అందరూ.

నా చేతులకి ఆ మర్యాద తెలియదు,
పదిహేనేళ్ళ అలవాటు, వాటంతటవే ముందుకొచ్చాయి.
రెంటినీ కోటు జేబుల్లో కుక్కి
నది వైపు తిరిగాను.
టీ రంగు నీళ్ళు. రెండు నిజం బాతులు.
వెనకాల బూటు దేనికో గీసుకున్న చప్పుడు.
ఒక బూతు.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

బాతులు లేచిపోయాయి.
నాకంటే ముందు వాటికి వినబడినట్టుంది,
గుత్తొంకాయ,
గుత్తొంకాయ,

ఒత్తు ఎక్కడా జారకుండా.