పదహారున్నర

నెబ్రాస్కాలో గోధుమ కోతలు ముగిసిన వారం.
గడ్డిమోపుల ట్రైలర్ ఒకటి
ఒక కాలు కుంటుకుంటూ మా షెడ్డు ముందాగింది.
వెండెల్ స్కాలా తొందరలో ఉన్నాడు.
తొందరలో లేని రైతుని నేనింకా చూడలేదు.

రిమ్ము పాతది, టైరు కొత్తది.
నా మేనల్లుడు డారిన్ అంచుకి సబ్బునీళ్లు రాసి,
కడ్డీ దూర్చి, మోకాలు మోపి తొక్కాడు.
ఎక్కలేదు.
తిరగేసి తొక్కాడు.
ఎక్కలేదు.
రెండు కడ్డీలు వేశాడు, ఒక బూతు వేశాడు.
సగం దాకా వచ్చినట్టే వచ్చి
అంచు మళ్లీ వెనక్కి జారి కూర్చుంది,
పళ్లు బిగించి మందు మింగని పిల్లలా.

"పనికిమాలిన టైరు, మామా.
తయారీలోనే చెడింది."

నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

ఇదే షెడ్డు. ఎనభైమూడు, ఆగస్టు.
నాకు పదిహేడు.
ఓర్విల్ కుచేరా నా చేతికి తీగబ్రష్షు ఇచ్చి
"రిమ్ము మీద అంకె ఎంతో చూడరా మిలో" అన్నాడు.
నాలుగుసార్లు గీకాను. పదహారు కనిపించింది.
పదహారు అని అరిచాను.
దాని పక్కన తుప్పు ఉంది.
తుప్పుకింద ఇంకేముందో
నా వయసుకి తోచలేదు.

ఆనాటి టైరు మంచిది, మెత్తనిది,
అడగ్గానే లొంగింది.
అర అంగుళం పెద్ద చక్రం మీదికి
ఇట్టే ఎక్కి కూర్చుంది.
కూర్చుంది గానీ కుదురుకోలేదు,
ఒకవైపు అంచు అలాగే ఆగిపోయింది.
"ఇంకొంచెం గాలి" అన్నాడు ఓర్విల్.
ముల్లు నలభై దాటింది.
ఇంకొంచెం.
నన్ను గుడ్డ తెమ్మని లోపలికి పంపాడు.
గుడ్డ నా చేతిలో ఉండగానే
షెడ్డు రేకులన్నీ ఒక్కసారి మోగాయి.

బల్ల మీద కొలాచీ సగం కొరికి ఉంది,
ప్లమ్ పండు ముద్దది.
వాళ్లావిడ బ్లాంకా వచ్చేదాకా
దాన్ని ఎవరూ తీయలేదు.
అంకె చదివిందెవరని
ఆమె నన్నెప్పుడూ అడగలేదు.
అడిగి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత టైరు పక్కల మీద
అక్షరాలు పోసి అమ్మారు:
హెచ్చరిక, ప్రమాదం, ఇలా చేయరాదు.
నల్లరబ్బరు మీద నల్లటి అక్షరాలు.
గ్రీజు చేతులతో, బేరం మధ్యలో,
తలకిందులుగా ఉన్న మాటని
ఎవడు చదువుతాడు?

ఎక్కడో, ఆక్రన్‌లోనో ఇంకెక్కడో,
ఎవరో ఒక మనిషి
చదవక్కర్లేని హెచ్చరిక ఒకటి ఆలోచించి ఉండాలి.
అంచులోపల ఉక్కుతీగకి
ఇంకో చుట్టు, ఇంకో చుట్టు.
సాగాల్సింది ఇంతే, పైన వెంట్రుకవాసి కుదరదు.
ఆ మనిషి పేరు నాకు తెలియదు,
ఆడో మగో తెలియదు.
కారుతున్న కొళాయి కింద నిలబడి
ఆలోచించి ఉంటారనుకుంటాను, ఎందుకో.
గాలి దాకా పోనివ్వకుండా
గాలికి ముందే "కాదు" అనడం:
ఆ ఒక్క మాట కోసం ఎన్ని టైర్లు కోసి పారేశారో.

"డారిన్, కడ్డీ పక్కన పెట్టు.
బ్రష్షు ఇలా ఇవ్వు."
నేనే గీకాను, మోకాళ్ల మీద కూర్చుని.
తుప్పు రాలింది. పదహారు వచ్చింది.
ఇంకా గీకాను.
ఆవగింజంత చుక్క.
చుక్క పక్కన బోర్లా పడ్డట్టున్న ఐదు.

వాడు వంగి చూశాడు.
"అర అంగుళానికా ఇంత మొండి?" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

వెండెల్‌కి గురువారం దాకా ఆగమని చెప్పాం.
"మనిషిని పస్తు పెట్టే టైరు ఎవడు చేశాడో" అని
టోపీ తీసి తొడ మీద కొట్టుకుని
లారీ తలుపు దబ్బున వేసుకుని పోయాడు.
తిట్టుకోనీ.
ఆ టైరుకి ఇలాంటి తిట్లు
ఇంకా చాలా ఊళ్లలో, చాలా షెడ్లలో తగలాలి.

గాలి గొట్టం మేకుకే వేలాడుతోంది.
డారిన్ చేతులు కడుక్కుంటున్నాడు,
ఒక్కో వేలూ విడివిడిగా రుద్దుతూ,
నన్ను తిట్టుకుంటూ.