నల్ల పేస్టు

పాత ట్యూబును చపాతి కర్రతోని ఒత్తి
కత్తెరతోని కడుపు కోసి
నిన్ననే ఆఖరి బొట్టు గీకిన.
సదానందం సేటు దుకాన్ల ఆ కంపెనీది అయిపోయిందట.
"ఇది కొత్తది వదినె, ఒక్కపారి వాడి సూడు,
బ్రష్షు ఫ్రీ" అని చేతుల పెట్టిండు.

పొద్దుగాల నల్లా వచ్చే యాళ్లకు
మూత తిప్పి ఒత్తితె
బ్రష్షు మీదికి నల్లగ పాకింది.
కాటుక అనుకున్న. సైకిల్ చైను గ్రీజు అనుకున్న.
మా హారిక డబ్బ మీద సదివి
"బొగ్గు పేస్టమ్మా, పండ్లు తెల్లగైతయట" అన్నది.

బొగ్గు!
గోదారిఖనిల, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ క్వార్టర్ల ఉండుకుంట
నూట ముప్పై రూపాయలు పెట్టి
బొగ్గు కొనుక్కొచ్చిన.
మా నాయిన పొయ్యిల బొగ్గు నూరి, ఇంత ఉప్పేసి
వేలుతోని తోముకునేటోడు.
ఆయన పండ్లకు ఎవ్వలూ డబ్బ చెయ్యలే.

రుచి సూస్తె పుదీన. ఎనుకనుంచి లవంగం.
బొగ్గు వాసన మాత్రం ఏడ లేదు.
నాకు తెల్వదా బొగ్గు వాసన?
తడిసిన బనీను, బ్లాస్టింగ్ పొగ, ల్యాంపు బెల్టు తోలు
అన్నీ కలిసి ముందుగాల అదే వచ్చి
గుమ్మం కాడ చెప్పులిడుస్తది.
ఓదెలు దాని ఎనుక వస్తడు.

నోరు నిండ నురుగైనంక ఉమ్మిన.
తెల్లటి బేసిన్ల
నల్లగ.

చెయ్యి నల్లా మీదనే ఆగిపోయింది.
ఇరవై రెండేండ్ల సంది ఈ నలుపును
యాసిడ్ పోసి, పీచు పెట్టి రాకుతున్న.
"ఉమ్మినంక జర నీళ్లు కొట్టరాదా" అని
దినాం ఒక లొల్లి.
నా నోట్లెకెల్లి వస్తె ఎట్లుంటదో
ఇయ్యాల్టిదాక తెల్వకపోయె.

నైట్ షిఫ్ట్ దిగి ఓదెలు అప్పుడే లోపలికొచ్చిండు.
మొఖం కడుగుదామని వంగబోయి నన్ను సూసి
"ఏందే, నువ్వెప్పుడు దిగినవ్ బాయిలకు?"
నవ్వుదామంటె పెదిమెలు నలుపు, పండ్ల సందులు నలుపు.
హారిక ఫోన్ తీస్తె తిట్టిన.
నవ్వుకుంటనే తిట్టిన.

ఆయన నా పక్కకు నిలబడి
గొంతుల గరగర అనిపించి ఉమ్మిండు.
రెండు నలుపులు సుట్లు తిరుక్కుంట
ఒక్క తూములకే పోయినయి.
నాది జల్ది పోయింది.
ఆయనది అంచుకు పట్టుకొని ఉన్నది.

నీళ్లు కొట్టుమని నేననలే.
నేనే కొట్టిన, రెండు చెంబులు.

పండ్లు తెల్లగైనయా అంటె, ఏమో.
ట్యూబు ఇంక ముప్పావు ఉన్నది, పైసల సొమ్ము, పారేస్తనా.
మల్ల నెల మాత్రం సేటును పాతదే అడుగుత.
ఇంట్ల ఒక్కలు బొగ్గు నమిలితె సాలు.

ఫ్రీగ వచ్చిన బ్రష్షు ఆయనకిచ్చిన.
మెత్తగున్నది.