ప్లగ్గు తీయకండి

కొకురా రైలు గేటు పక్క సందులో
మా గేముల కొట్టు.
మూల మెషీను మీద అన్న హిసనోరి చేతిరాత:
"ప్లగ్గు తీయకండి."
తీస్తే స్కోర్లన్నీ సున్నా.
మూడు అక్షరాల కోసం
పంతొమ్మిదేళ్లుగా కరెంటు బిల్లు కడుతున్నాను.

వంద యెన్ల బిళ్లకి మూడు ప్రాణాలు.
మూడోదీ పోయాక జేబు తడుముకుంటే తెలిసేది
చావంటే ఏమిటో.
ఇప్పటి ఆటల్లో చచ్చినా చావరు,
పడ్డచోటే లేచి బట్టలు దులుపుకుంటారు
అని సణుగుతుంటాను
టంకం పొగకి కళ్లు చికిలించి.

మేనకోడలు చిజురు,
తండ్రి పోయేనాటికి పాలపళ్లే దానికి,
తెర మీద వేలు పెట్టి అడిగింది:
"అత్తా, ఈ కొండ వెనక ఏముంది?"

కొండంటే పదకొండు పచ్చ చుక్కలు.
"ఏమీ లేదే. మేమే అనుకునేవాళ్లం.
నేను సముద్రం అంటే
మీ నాన్న కాదు, నూడుల్స్ బండి అనేవాడు."

తన ఆట నా చేతిలో పెట్టింది.
అందులోనూ ఒక కొండ.
నలభై నిమిషాలు ఎక్కాను.
గాలికి గడ్డి ఒక్కో పోచే వంగుతోంది,
చెప్పుల్లో ఇసుక కరకర.
అవతల నిజంగానే సముద్రం.
గట్టు మీద గాలం వేసుకుని ఒక ముసలాయన.
పని చెప్పలేదు, పాయింట్లు ఇవ్వలేదు,
తల కూడా తిప్పలేదు.
పక్కన కూర్చున్నాను.
టంకం కడ్డీ చల్లారిపోయింది.

"ఎలా ఉందత్తా?"
"బండి పెట్టలేదు," అన్నాను
గొంతు సవరించుకుని.

జవాబు లేదు.
తలెత్తి చూస్తే
మూల మెషీను ముందు వంగి
మూడు ప్రాణాలూ నిమిషంలో పోగొట్టుకుని
జేబు తడుముకుంటోంది.