ఆరు నెలల అట్ట

రొయ్యల గుంట గెనిమ మీద
ముందు చెప్పుల చప్పుడొచ్చేది.
తెగిన వారుకి పిన్నీసు.
"నోరు తెరువబ్బయా!"
మాత్ర మింగిందాకా కదిలేది కాదు మస్తానమ్మ.
నాలిక కింద కూడా చూసేది.
ఒకసారి బుగ్గలో దాచి దొరికిపోయినాలే.

విడవలూరు ఆటోలు నన్నెక్కించుకోని రోజుల్లో
పక్కనే కూచుని
నా సద్దిలో చేపముక్క అడిగి తినింది.

కార్తీకం వానకి కాలవ పొంగితే
చెప్పులు చేతబట్టుకుని,
మాత్రలు కొప్పులో దోపుకుని వచ్చింది.
జీతమెంతక్కా అంటే
"ముందు మింగు" అంది.

అట్ట నిండింది. దగ్గు పోయింది.
డాక్టరు సంతకముంది, ఆసుపత్రి ముద్రుంది,
ఆమె పేరుకే గడి లేదు.

నాకు రాత రాదు.
అట్ట వెనక బొగ్గుతో
ఒక చెప్పు గీశాను.
పిన్నీసు మర్చిపోలేదు.