కాగితం కుర్చీ

కవలల్లో ముందొచ్చినవాడు ఒపియో,
వెనకొచ్చినవాడు ఒదోంగో.
మా లువోల్లో కవలలకి పేర్లు వెతికే పని లేదు,
పుట్టిన వరసే పేరు.
ఒపియోకీ ఒదోంగోకీ నడుమ నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ
ఎనిమిదేళ్లుగా నా వీపు మీదే ఉన్నాయి.

మొదట్లో తేలికే.
గుడ్డతో బిగించి కట్టుకుంటే
ఏ తల్లి వీపు మీది బిడ్డయినా ఒకలాగే కనిపిస్తాడు.
తర్వాత వాడి కాళ్లు నా మోకాళ్లు దాటాయి.
సరస్సు ఒడ్డున ఒమెనా చేపలు ఎండబోస్తుంటే
పక్క ఆడవాళ్లు వాడి గురించి అడగడం మానేశారు.

కుర్చీ కావాలంటే కార్డు తెమ్మన్నారు.
కార్డుకి డాక్టరు సంతకం.
డాక్టరు గురువారాలే వస్తాడు.
గురువారం వెళితే, ముందు చీఫ్ చీటీ ఏదీ అన్నాడు.
చీఫ్ ముద్ర నీలం సిరాలో పడింది,
ఊదా సిరా అయితేనే చెల్లుతుందట.
నాలుగుసార్లు మటాటు ఛార్జీ,
ఎక్కిన ప్రతిసారీ రెండు సీట్ల డబ్బు.
వీపు మీద వాణ్ణి చూస్తూనే
"బిడ్డకున్న ఇబ్బంది" అనే గడి నింపమన్నారు.
గడి బొటనవేలంత.
కూర్చోలేడు, అని రాశాను.
నవ్వుతాడు, అని కూడా రాద్దామనుకున్నాను గానీ
చోటు చాల్లేదు.

"కాగితం లేనిదే కుర్చీ రాదమ్మా" అంది కిటికీ వెనక గొంతు.

టమాటాలమ్మే పెరిస్ అవువోర్
ఒకరోజు నా కొంగు పట్టి ఆపింది.
"మంగళవారం పాత ఐసు గోదాం వెనక్కి రా.
ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తీసుకురా."
ఏ కాగితాలు?
"ఏవైనా. పనికిరానివైతే మరీ మంచిది."

వెళ్లాను. పదకొండు మంది ఆడవాళ్లు,
ఒక మగవాడు, ఆయన తాత.
పెద్ద గిన్నెలో కర్రపెండలం పిండి జిగురు
బుడబుడమని ఉడుకుతోంది.
అట్టపెట్టెలు, సిమెంటు సంచులు, పాత పేపర్లు,
ఓడిపోయిన అభ్యర్థి పోస్టర్లు,
చించినా చించినా నవ్వుతూనే ఉన్నాడు ఆయన.
చాపల మీద పిల్లలు.
ఇలా ఎందుకు పుట్టాడని ఎవరూ అడగలేదు.
మెతుకు మింగగలడా అన్నారు. రాత్రి నిద్రపోతాడా అన్నారు.
"ఏ పక్కకి ఒరుగుతాడు?" అంది పెరిస్,
పురికొసతో వాడి తుంటి కొలుస్తూ, ముడి వేస్తూ.
ఎడమకి, అన్నాను.
అన్నాక కళ్లు తుడుచుకున్నాను.
ఎనిమిదేళ్లలో ఆ మాట అడిగింది ఆవిడే.

పొర మీద పొర. అట్ట, జిగురు, పేపరు, ఎండ.
మళ్లీ అట్ట, జిగురు.
ఎడమవైపు మెత్తగా ఇంకో దిండంత మందం.
నా సంచీ విప్పి
నీలం ముద్ర చీటీ, బొటనవేలంత గడి,
టిక్కెట్లు, రశీదులు, అన్నీ ఇచ్చేశాను.
పెరిస్ అందులోంచి ఒక్కటి తీసి నా చేతిలో పెట్టింది.
"ఇది దాచు. గురువారం అందరం కలిసి వెళ్దాం.
పన్నెండు మంది బల్ల ముందు నిలబడితే
సిరా రంగు ఎవరికి గుర్తుంటుందో చూద్దాం."

మూడో వారం వాన మొదలైంది.
ముసలాయన కుర్చీని నెత్తిన పెట్టుకుని
చేపలబుట్టలా పరిగెత్తుకొచ్చాడు,
తను పూర్తిగా తడిసి, దాని మీద చుక్క పడనీకుండా.

కార్డు ఇంకా రాలేదు. మూడు గురువారాలయ్యాయి.
కిటికీ వెనక గొంతు ఇప్పుడు
మమ్మల్ని చూడగానే లేచి నిలబడుతోంది.

వాణ్ణి కూర్చోబెట్టిన సాయంత్రం
ఒపియో బడి నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.
దగ్గరికొచ్చి, వంగి, భుజం పక్కన భుజం పెట్టి
కొలిచి చూసుకున్నాడు.
"అమ్మా, వీడు నా అంత ఉన్నాడు!"

నేను ఉగాలీ పళ్లెం ముందు పెట్టాను.
ఒదోంగో దాన్ని చూశాడు. నన్ను చూశాడు.
చెయ్యి మెల్లగా లేచింది, వణికింది,
పళ్లెం ఎగిరి గోడకి తగిలింది.
కూర, పిండి, నిన్న కడిగిన చాప, అన్నీ ఒకటే.
వాడు పగలబడి నవ్వుతున్నాడు.

తిట్టాను.
పుట్టిన దగ్గర్నుంచి మొట్టమొదటిసారి
వాళ్ల అన్నని తిట్టినట్టే,
గొంతెత్తి, చీపురు చేతబట్టుకుని,
వీధంతా వినేలా తిట్టాను.